ఫ్యాషన్ బ్రాండ్ గ్లోబల్ సోర్సింగ్ పగ్గాలు చేపట్టే ముందు

మీ ప్రశ్న సారాంశం ఇలా ఉంది. తిరుప్పూరులోనూ బెంగళూరులోనూ 14 ఏళ్లుగా మర్చండైజింగ్‌లో పనిచేస్తున్న మీకు, యూరప్, అమెరికా మార్కెట్లలో దుస్తులు అమ్మే ఒక మధ్యస్థాయి బ్రాండ్ గ్లోబల్ సోర్సింగ్ అధిపతి (ఏ దేశంలో, ఏ ఫ్యాక్టరీలో దుస్తులు కుట్టించాలో నిర్ణయించే) పదవి ఇస్తామంటోంది. మొదటి ఏడాదిలోనే కొనుగోలు ఖర్చును 8 శాతం తగ్గించాలని షరతు కూడా పెట్టింది. ఏ దేశం నుంచి ఏ దేశానికి ఆర్డర్లు మార్చాలి, ఎంతమంది సరఫరాదారులను ఉంచుకోవాలి, ఎక్కడో నూలు మిల్లులోనో పత్తి చేనులోనో జరిగే తప్పుకు మీరెంతవరకు బాధ్యులు అన్నవి మీ సందేహాలు. నేను ఢాకా, కొలంబో, హాంకాంగ్‌లలోని బయింగ్ ఆఫీసుల్లో పనిచేసి, ఇప్పుడు మీకు వస్తున్న బాధ్యతనే ఆ తర్వాత చాలాకాలం మోసినవాడిని. ఈ మూడు సందేహాలకూ మూలం ఒకటేనని నా అనుభవం చెబుతోంది కనుక అక్కడి నుంచే మొదలుపెడతాను.

ఈ పదవిలో చేరినవారు దాదాపు అందరూ మొదటి నెలలోనే ప్రపంచ పటం ముందేసుకుని కూర్చుంటారు. చైనా నుంచి ఎంత తీయాలి, వియత్నాంకు ఎంత పంపాలి, బంగ్లాదేశ్‌లో ఎంత ఉంచాలి అని లెక్కలు వేస్తారు. అవి అవసరమైన లెక్కలే. అయితే ఫ్యాక్టరీ మనకు చెప్పే ధరలో గణనీయమైన భాగం మన కంపెనీ అలవాట్లకు మనం కడుతున్న వెల. ఆలస్యంగా అందే ఆమోదాలు, చివరి నిమిషంలో మారే రంగులు, సరుకు ఓడ ఎక్కిన మూడు నాలుగు నెలలకు గానీ చేరని డబ్బు, ఈ సీజన్‌లో వరదలా వచ్చి మరుసటి సీజన్‌లో ఎండిపోయే ఆర్డర్లు, వీటన్నిటినీ ఫ్యాక్టరీ యజమాని తాను చెప్పే ధరలో ఎక్కడో ఒకచోట కలుపుకుంటాడు. ఆ అలవాట్లను అలాగే ఉంచి దేశం మారిస్తే అవి మన వెంటే కొత్త దేశానికి వస్తాయి. రెండు సీజన్లు గడిచేసరికి అక్కడి ధర కూడా పాత ధరకు దగ్గరగానే చేరుతుంది. అందువల్ల సోర్సింగ్ అధిపతి చేయవలసిన అసలు బేరం ఫ్యాక్టరీ యజమానితో కంటే సొంత కంపెనీలోని డిజైన్, మర్చండైజింగ్, ఫైనాన్స్ విభాగాలతో ఎక్కువగా ఉంటుంది.

మీకు పెట్టిన 8 శాతం షరతునే తీసుకుందాం. ఒక మామూలు కాటన్ టీషర్టు ఎఫ్‌వోబీ ధరను (సరుకు ఓడ ఎక్కించేదాకా ఫ్యాక్టరీకి ఇచ్చే ధర) 100 అనుకుంటే, అందులో దాదాపు 60 వస్త్రానికి, మరో 10 లేబుళ్లు, దారం, ప్యాకింగ్ వంటివాటికి పోతాయి. మిల్లు పేరు, లేబుళ్లు సరఫరా చేసేవారి పేరు చాలా సందర్భాల్లో బ్రాండే నిర్ణయిస్తుంది. ఇక ఫ్యాక్టరీ చేతిలో నిజంగా ఉన్నది 30 మాత్రమే. కూలీలు, కరెంటు, అద్దె, వడ్డీ, లాభం అన్నీ అందులోనే. ఆ 30లో నుంచి 8 ఇమ్మని అడగడమంటే నాలుగో వంతు కంటే ఎక్కువ అడగడం. కనీస వేతనమేమో చట్టం నిర్ణయిస్తుంది. బంగ్లాదేశ్‌లో అది 2023 డిసెంబరులో 8,000 టాకాల నుంచి 12,500 టాకాలకు పెరిగింది. ఒక పక్క వేతనం పెరుగుతుంటే మరో పక్క ధర తగ్గించమంటే ఫ్యాక్టరీ ముందు మిగిలే దారులు చాలా కొద్ది. చెప్పకుండా చౌక షెడ్డుకు పని పంపడం, లెక్కకెక్కని ఓవర్‌టైమ్ చేయించడం, నూలు నాణ్యతలో ఒక మెట్టు దిగడం, ఇవే ఆ దారులు. వాటి ఫలితం మీ దగ్గరికి ఆరు నెలల తర్వాత వస్తుంది, అప్పటికి ఆదా అయిన 8 శాతం వార్షిక నివేదికలో అచ్చయిపోయి ఉంటుంది.

అయితే ఆదా ఎక్కడా లేదని నా ఉద్దేశం కాదు. 60 ఉన్నచోట వెతకాలి. ఒక బ్రాండ్‌లోని పురుషుల, స్త్రీల, పిల్లల విభాగాలు వేర్వేరుగా 155, 160, 165 జీఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాముల బరువు) సింగిల్ జెర్సీ టీషర్టు వస్త్రాలు వాడుతుండడం మీరు చూసే ఉంటారు. కస్టమర్ చేతికి ఆ తేడా తెలియదు. మూడింటినీ ఒక్కటి చేస్తే నూలు పెద్ద మొత్తంలో బుక్ చేయవచ్చు, కనీస పరిమాణానికి తగ్గినందుకు మిల్లు వేసే అదనపు చార్జీ పోతుంది. మార్కర్ సామర్థ్యం, అంటే కత్తిరింపు వ్యర్థం పోగా వస్త్రంలో ఎంత భాగం దుస్తుల్లోకి వెళ్తుందన్నది, మరో చోటు. ప్యాటర్న్‌లో ఒక కుట్టును కొద్దిగా జరపడానికి డిజైనర్ ఒప్పుకుని, వస్త్ర వినియోగం 82 శాతం నుంచి 85 శాతానికి పెరిగిందంటే, అదే టీషర్టుకు వస్త్రం మూడున్నర శాతం తక్కువ పడుతుంది; మొత్తం ధరలో అది రెండు శాతం. అలాగే విమాన రవాణా ఉంది. కిలోకు 4 డాలర్లు అనుకుంటే, 200 గ్రాముల టీషర్టుకు 80 సెంట్లు, 2.50 డాలర్ల టీషర్టు మీద అది దాదాపు మూడో వంతు. ఏడాది మొత్తంలో ఎన్ని ముక్కలు విమానంలో వచ్చాయో, ప్రతిదానికీ అసలు కారణం ఎవరో రాయించి చూడండి. చాలా బ్రాండ్లలో ఈ జాబితాను ఎవరూ తయారు చేయరు, ఎందుకంటే అందులో తమ విభాగం పేరు కూడా ఉంటుందని అందరికీ తెలుసు.

ఆలస్యం ఎలా ఖర్చుగా, ఖర్చు ఎలా ప్రమాదంగా మారుతుందో ఒక చిన్న విషయం ద్వారా చూపిస్తాను. మీకు లాబ్ డిప్ (రంగు నమూనా) గురించి చెప్పనక్కరలేదు, కానీ మీ కొత్త కంపెనీ యాజమాన్యానికి చెప్పవలసి ఉంటుంది. డైయింగ్ యూనిట్ ఒకే రంగుకు ఎ, బి, సి అని మూడు చిన్న ముక్కలు అద్ది కొరియర్‌లో పంపుతుంది. వాటిని లైట్ బాక్స్‌లో పెట్టి, పగటి వెలుగుకు సమానమైన డి65 దీపం కింద ఒకసారి, దుకాణంలో వాడే టీఎల్84 దీపం కింద ఒకసారి చూడాలి. మొదటి దీపం కింద కలిసిన రంగు రెండో దానికింద ఎరుపు తిరగవచ్చు. చూసే పని పది నిమిషాలది. డిజైనర్ ప్రయాణంలో ఉన్నందువల్లో, సమావేశం వాయిదా పడినందువల్లో ఆ కవరు బల్ల మీద పది రోజులు ఉండిపోయిందనుకోండి. ఈలోగా డైయింగ్ యూనిట్‌లో మన ఆర్డర్‌కు కేటాయించిన యంత్రం మరో బయ్యర్‌కు వెళ్లిపోతుంది, మళ్లీ ఖాళీ దొరకడానికి ఇంకో వారం. అంటే 17 రోజులు పోయాయి. అయినా కొనుగోలు ఆర్డర్ (పీవో) మీద రాసిన షిప్‌మెంట్ తేదీ మాత్రం మారదు. నూలు, నిట్టింగ్, డైయింగ్‌లకు పట్టే కాలం తగ్గించడానికి వీలుకాదు కనుక ఆ 17 రోజులూ కుట్టు విభాగం నుంచే తీస్తారు. 25 రోజుల పని 8 రోజుల్లో చేయాలి. ఫ్యాక్టరీకి నాలుగు లైన్లు ఉంటే పన్నెండు లైన్లు కావాలి. అవి ఎక్కడి నుంచి వస్తాయి? రాత్రి పది దాటిన ఓవర్‌టైమ్ నుంచి, లేదా మన ఆడిటర్ ఎన్నడూ గడప తొక్కని పక్క వీధి ఫ్యాక్టరీ నుంచి. అనుమతిలేని సబ్ కాంట్రాక్టు అనే నేరం చాలాసార్లు ఆ కవరు తెరవని బల్ల దగ్గరే పుడుతుంది. 

కుట్టు లైను లెక్క కూడా ఇటువంటిదే. 30 మంది ఉన్న లైను రోజుకు 8 గంటలు పనిచేస్తే 14,400 నిమిషాల శ్రమ. ఒక టీషర్టు ప్రామాణిక సమయం 8 నిమిషాలైతే, 50 శాతం సామర్థ్యంతో రోజుకు 900 ముక్కలు, 60 శాతంతో 1,080 ముక్కలు వస్తాయి. జీతాలు అవే, కరెంటు అదే, పైకప్పు అదే. ఆ 180 ముక్కల తేడా ఎక్కువగా బయ్యర్ చేతిలో ఉంటుంది, ఎందుకంటే కొత్త స్టైల్ లైను మీదికి ఎక్కిన మొదటి రోజుల్లో చేతులకు ఆ పని అలవాటయ్యేదాకా సామర్థ్యం బాగా పడిపోతుంది, అది కోలుకునేలోపే ఆర్డర్ అయిపోయి మరో స్టైల్ వస్తే లైను ఎప్పుడూ అడుగునే ఉంటుంది. ఒకే రకం చొక్కాను ఏడాదికి నాలుగు సార్లు, నాలుగు వేర్వేరు ఫ్యాక్టరీలకు, ప్రతిసారీ కాలరు కొలత మార్చి ఇచ్చే బ్రాండ్ ఏ దేశానికి వెళ్లినా చౌకగా కొనలేదు.

ఈ సందర్భంలో జారా బ్రాండ్ యజమాని అయిన ఇండిటెక్స్ ప్రస్తావన తప్పకుండా వస్తుంది. స్పెయిన్‌లోని ఆర్తైషో కేంద్రంగా జారా దుకాణాలకు వారానికి రెండుసార్లు సరుకు పంపడం, స్పెయిన్, పోర్చుగల్, మొరాకో, తుర్కియేల వంటి దగ్గరి దేశాల్లో గణనీయమైన భాగం కుట్టించడం అందరికీ తెలిసినవే. మధ్యస్థాయి బ్రాండ్ ఆ వ్యవస్థను మొత్తంగా అనుకరించలేదు, అనుకరించబోయి నష్టపోయినవారూ ఉన్నారు. కానీ దాని వెనుక ఉన్న ఒక సూత్రం ఎవరికైనా అందుబాటులోనే ఉంటుంది: వస్త్రాన్నీ, కుట్టు సామర్థ్యాన్నీ ముందుగా కేటాయించుకుని, రంగు, స్టైల్ నిర్ణయాలను వీలైనంత చివరికి నెట్టడం. ఇటలీ బ్రాండ్ బెనెటన్ 1970లలోనే స్వెటర్లను అల్లిన తర్వాత రంగు వేసి అమ్మకాల ధోరణిని బట్టి రంగులు నిర్ణయించేది. మీరు రంగు వేయని గ్రే ఫ్యాబ్రిక్ 40 టన్నులు బుక్ చేసి, అందులో ఎంత నలుపు, ఎంత నీలం అన్నది ఆరు వారాల తర్వాత చెప్పవచ్చు. ఫ్యాక్టరీకి నెలకు ఇన్ని లక్షల నిమిషాలు తీసుకుంటామని మాట ఇచ్చి, ఏ స్టైల్ అన్నది తర్వాత చెప్పవచ్చు. ఇందుకు మీ కంపెనీ ఒక మాట మీద నిలబడాలి, వాడని గ్రే ఫ్యాబ్రిక్‌కు డబ్బు కట్టే బాధ్యత రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. ఇదే ఫైనాన్స్ విభాగంతో మీరు చేయవలసిన మొదటి బేరం.

రెండో బేరం చెల్లింపుల గురించి. బంగ్లాదేశ్ దుస్తుల పరిశ్రమ నిలబడ్డది చౌక కూలీ మీద ఒక్కటే కాదు. 1979లో దేశ్ గార్మెంట్స్ నుంచి 130 మంది దక్షిణ కొరియాలోని దేవూ ఫ్యాక్టరీకి శిక్షణకు వెళ్లారు, తర్వాత వారిలో చాలామంది సొంత ఫ్యాక్టరీలు పెట్టుకున్నారు. ఆ నైపుణ్యానికి బాండెడ్ వేర్‌హౌస్ (ఎగుమతి కోసం తెచ్చిన ముడిసరుకును సుంకం కట్టకుండా నిల్వ చేసుకునే గోదాము), బ్యాక్ టు బ్యాక్ ఎల్‌సీ (ఎల్‌సీ అంటే డబ్బు చెల్లిస్తామని బ్యాంకు ఇచ్చే హామీ పత్రం) అనే రెండు ఏర్పాట్లు తోడయ్యాయి. బయ్యర్ ఇచ్చిన మాస్టర్ ఎల్‌సీని బ్యాంకులో చూపి, సొంత పెట్టుబడి పెద్దగా లేకుండానే వస్త్రం దిగుమతికి మరో ఎల్‌సీ తెరవగలగడమే ఆ పరిశ్రమకు ఊపిరి. తర్వాతి కాలంలో పెద్ద బ్రాండ్లు ఎల్‌సీని వదిలి, సరుకు చేరాక 60, 90, 120 రోజులకు డబ్బు పంపే పద్ధతికి మారాయి. అంటే అప్పు భారం బ్యాంకు వడ్డీ తక్కువ ఉన్న దేశం నుంచి ఎక్కువ ఉన్న దేశానికి జరిగింది. యూరప్‌లో మీ కంపెనీకి తక్కువ వడ్డీకి దొరికే డబ్బును, ఢాకాలోనో కరాచీలోనో ఫ్యాక్టరీ యజమాని రెండంకెల వడ్డీకి తెచ్చి మీకు అప్పు ఇస్తున్నట్టు లెక్క. ఆ వడ్డీ ఎఫ్‌వోబీలో కలిసి మీకే తిరిగి వస్తుంది. గడువును 90 రోజుల నుంచి 30 రోజులకు తగ్గించి, అందులో మిగిలే వడ్డీని ధరలో తగ్గించమని అడగండి. న్యాయమైన తగ్గింపు ఇదే.

2020 మార్చిలో ఏం జరిగిందో ఈ రంగంలో ఎవరూ మరచిపోలేదు. దుకాణాలు మూతపడగానే ఎన్నో బ్రాండ్లు ఫోర్స్ మేజర్ (మన చేతిలో లేని విపత్తు) నిబంధన చూపి, కుట్టడం పూర్తయిన సరుకుకూ, అప్పటికే అద్దిన వస్త్రానికీ డబ్బు ఇవ్వడానికి నిరాకరించాయి. రద్దయిన, ఆగిపోయిన ఆర్డర్లు 300 కోట్ల డాలర్లకు పైగా ఉన్నాయని బంగ్లాదేశ్ దుస్తుల తయారీదారుల సంఘం బీజీఎంఈఏ లెక్క చెప్పింది. ఆ తర్వాత ఒత్తిడి పెరిగి పలువురు చెల్లించారు. కానీ ఎవరు మాట నిలబెట్టుకున్నారు, ఎవరు చేతులు దులుపుకున్నారు అన్నది ప్రతి ఫ్యాక్టరీ యజమాని మనసులోనూ ఉంది. 2021లో నూలు ధరలు, కంటైనర్ల అద్దెలు ఆకాశాన్నంటి, లైన్లు ఖాళీ లేనప్పుడు ఎవరి ఆర్డర్ ముందు ఎక్కించాలో వారు దాన్ని బట్టే నిర్ణయించుకున్నారు. మీరు చేరబోయే బ్రాండ్ ఆ నెలల్లో ఎలా ప్రవర్తించిందో ముందుగా తెలుసుకోండి. దాని సరఫరాదారులతో మీ మొదటి సమావేశం ఎలా ఉండబోతోందో దాన్ని బట్టే తెలుస్తుంది.

ఇక దేశాల సంగతి. కూలీ రేటు చూసి దేశాన్ని ఎంచుకునేవారికి ఇథియోపియాలోని హవాసా పారిశ్రామిక పార్కు చదవవలసిన పాఠం. 2016లో మొదలైన ఆ పార్కును అమెరికన్ దుస్తుల సంస్థ పీవీహెచ్ ముందుండి నడిపింది. మూల వేతనం నెలకు 26 డాలర్ల ప్రాంతంలో ఉండేది, ఆఫ్రికా దేశాలకు సుంకం రాయితీ ఇచ్చే ఆగోవా అనే అమెరికా చట్టం కింద అమెరికాకు పంపే సరుకు మీద సుంకం లేదు. కాగితం మీద ఇంతకన్నా మంచి లెక్క దొరకదు. కానీ ఆ వేతనంతో పట్నంలో గదికి అద్దె కట్టి బతకడం సాధ్యంకాక, పల్లెల నుంచి వచ్చిన అమ్మాయిలు పని నేర్చుకునేలోపే మానేసేవారు. సముద్రం లేని దేశం కనుక ప్రతి కంటైనరూ జిబౌటీ దాకా రోడ్డు మీదో రైలు మీదో పోవాలి. 2020 నవంబరులో టిగ్రే యుద్ధం మొదలైంది. 2022 జనవరి 1 నుంచి అమెరికా ఆగోవా సౌకర్యం నిలిపివేసింది. ఆ నిర్ణయం వెలువడిన నెలలోనే, అంటే 2021 నవంబరులో, పీవీహెచ్ తన ఫ్యాక్టరీ మూసేస్తున్నట్టు ప్రకటించింది. సుంకం రాయితీ ఒక్కదాని మీద కట్టిన నిర్ణయం ఆ రాయితీతోనే పోయింది.

సుంకం విషయంలో 2025 మనందరికీ నేర్పింది కూడా ఇదే. ఏప్రిల్‌లో అమెరికా భారత సరుకుల మీద 26 శాతం, వియత్నాం మీద 46 శాతం, బంగ్లాదేశ్ మీద 37 శాతం అదనపు సుంకం ప్రకటించింది. వేసవి గడిచేసరికి వియత్నాం, బంగ్లాదేశ్‌లు 20 శాతానికి దిగాయి, భారత్ ఆగస్టు 27 నాటికి 50 శాతానికి ఎక్కింది. ఏప్రిల్‌లో వియత్నాం నుంచి హడావుడిగా భారత్‌కు తెచ్చిన ఆర్డర్ ఆగస్టులో ఎక్కడ నిలిచిందో ఆలోచించండి. ఒక్క సీజన్ సరుకుకు నూలు బుకింగ్ నుంచి దుకాణం దాకా ఐదారు నెలలు పట్టే వ్యాపారం ప్రకటనల వెంట పరుగెత్తలేదు. నేను చేసేది ఇది: ప్రతి ముఖ్యమైన సరుకుకూ ఇద్దరు సరఫరాదారులను రెండు వేర్వేరు సుంకం పరిధుల్లో ఉంచి, ఇద్దరి దగ్గరా ఒకే ప్యాటర్న్, ఒకే వస్త్ర ప్రమాణం ఆమోదం పొంది ఉండేలా చూసుకోవడం, మామూలు రోజుల్లో 70కి 30గా పంచడం, అవసరమైనప్పుడు ఆ నిష్పత్తిని తిప్పడం. మూడో దేశం కోసం వెతకడం కంటే ఇది ఎంతో నమ్మకమైనది.

ప్రకటనలతో పెద్దగా మారని సుంకాలు కూడా ఉన్నాయి, వాటిని డిజైన్ దశలోనే చూడాలి. అమెరికా మూల సుంకం కాటన్ టీషర్టుకు 16.5 శాతం, సింథటిక్ నూలుతో చేసినదానికి 32 శాతం. కాటన్, పాలిస్టర్ కలిపిన టీషర్టులో ఏది ఎక్కువ బరువుందన్నదాన్ని బట్టి సుంకం దాదాపు రెట్టింపవుతుంది. ఈ మాట డిజైనర్‌కు స్కెచ్ దశలో చెబితే నిమిషాల పని, ప్రొడక్షన్ మొదలయ్యాక చెబితే ఎవరికీ ఉపయోగం లేదు.

మూలదేశ నిబంధనలు (సుంకం రాయితీకి సరుకు ఏ దేశంలో తయారైనట్టు లెక్కిస్తారన్న నియమాలు) ఇంకా ముఖ్యం, వీటి గురించి కాస్త ఎక్కువ చెబుతాను, ఎందుకంటే మీ మొదటి రెండేళ్లలోనే ఇవి ముందుకొస్తాయి. బంగ్లాదేశ్ వెనుకబడిన దేశాల జాబితా నుంచి బయటికి రావడానికి ఐక్యరాజ్యసమితి 2026 నవంబరు 24ను గడువుగా పెట్టింది. ఆ తర్వాత మూడేళ్లపాటు యూరప్ సుంకం లేని పాత సౌకర్యాన్ని కొనసాగిస్తుంది. ఇప్పుడు ఆ దేశంలో కేవలం కత్తిరించి కుట్టినా యూరప్‌కు సుంకం లేకుండా పోతుంది, వస్త్రం చైనాదైనా ఫరవాలేదు. 2011 నుంచి ఉన్న ఏక పరివర్తన నిబంధన ఇది. ఆ సౌకర్యం పోయి, వస్త్రం కూడా అక్కడే తయారవ్వాలన్న ద్వంద్వ పరివర్తన నిబంధన వస్తే, నిట్ (అల్లిన వస్త్రపు) దుస్తులకు పెద్ద ఇబ్బంది లేదు, వాటి నూలు, వస్త్రం చాలావరకు అక్కడే తయారవుతాయి. వోవెన్ (మగ్గం మీద నేసిన) చొక్కాలు, ప్యాంట్ల వస్త్రం మాత్రం ఎక్కువగా దిగుమతే. అందుకని బంగ్లాదేశ్‌ను ఒకే ముద్దగా చూడవద్దు. నిట్ సరుకు అక్కడే ఉంచండి, వోవెన్ సరుకుకు సొంత వీవింగ్, ప్రాసెసింగ్ ఉన్న ఫ్యాక్టరీల వైపు ఇప్పటి నుంచే జరగండి. చిట్టగాంగ్ రేవులోకి పెద్ద ఓడలు రాలేవు కనుక సరుకు చిన్న ఫీడర్ ఓడల్లో కొలంబోకో సింగపూరుకో వెళ్లి అక్కడ మారాలి, ఎర్ర సముద్రంలో 2023 చివరి నుంచి దాడులు మొదలయ్యాక యూరప్ ఓడలు ఆఫ్రికా చుట్టూ తిరిగి 10 నుంచి 14 రోజులు అదనంగా తీసుకున్నాయి. ఈ రోజులను మీ క్యాలెండర్‌లో ముందే పెట్టుకోకపోతే అవి కూడా కుట్టు విభాగం నుంచే తీస్తారు.

సరఫరాదారుల సంఖ్యకు సూత్రమంటూ లేదు. మీరు ఆ ఫ్యాక్టరీ ఉత్పత్తిలో పది శాతానికి తక్కువైతే మీ మాట అక్కడ చెల్లదు, సగానికి మించితే మీరు తప్పుకున్న రోజున అక్కడి కార్మికులు రోడ్డున పడతారు. ఈ రెండు హద్దుల మధ్య ఉండేలా జాబితాను కుదించండి, ఎవరినైనా వదలవలసి వస్తే రెండు సీజన్ల ముందు చెప్పండి.

మీ మూడో సందేహానికి, బాధ్యతకు వద్దాం. ఆడిట్ నివేదిక ఉంటే మన బాధ్యత తీరిందని ఈ రంగం చాలాకాలం నమ్మింది. 2012 సెప్టెంబరు 11న కరాచీలోని అలీ ఎంటర్‌ప్రైజెస్‌లో అగ్నిప్రమాదం జరిగి 250 మందికి పైగా చనిపోయారు. ఆ ఫ్యాక్టరీకి కొద్ది వారాల ముందే, పని పరిస్థితులు బాగున్నాయని చెప్పే ఎస్ఏ8000 సర్టిఫికెట్ ఇచ్చారు. 2013 ఏప్రిల్ 23న ఢాకా దగ్గరి సావార్‌లో దుస్తుల ఫ్యాక్టరీలున్న రానా ప్లాజా భవనం గోడలకు పగుళ్లు కనిపించినప్పుడు కింది అంతస్తుల్లోని బ్యాంకు, దుకాణాలు మూసేశారు. దుస్తుల కార్మికులను మాత్రం మర్నాడు పొద్దున పనిలోకి రమ్మన్నారు. 24న భవనం కూలి 1,130 మందికి పైగా ప్రాణాలు పోయాయి. అక్కడి కొన్ని యూనిట్లకు అప్పటికే ఆడిట్లు జరిగాయి, కానీ ఆ ఆడిట్ల చెక్‌లిస్టులో భవనం బలం అన్న గడే లేదు. ఒక్క రోజు కూడా లైను ఆపలేని పరిస్థితి ఎక్కడి నుంచి వచ్చిందో, పైన చెప్పిన 17 రోజుల లెక్క చదివినవారికి వేరే చెప్పనక్కరలేదు.

ఆ తర్వాత వచ్చిన బంగ్లాదేశ్ అకార్డ్ నాకు తెలిసిన ఏర్పాట్లన్నిటిలోకీ గట్టిగా పనిచేసింది. 200కు పైగా బ్రాండ్లు కార్మిక సంఘాలతో చట్టబద్ధమైన ఒప్పందం మీద సంతకం చేశాయి, ఇంజనీర్లు భవనాలను స్వతంత్రంగా పరీక్షించి నివేదికలు బహిరంగంగా పెట్టారు, మరమ్మతులకు డబ్బు సమకూరేలా చూసే బాధ్యతను బ్రాండ్లు కూడా ఒప్పుకున్నాయి. ఆడిట్‌కూ దీనికీ ఉన్న తేడా అదే: తప్పు దొరికితే ఫ్యాక్టరీని వదిలేసి వెళ్లిపోవడం కాకుండా, దాన్ని సరిచేయడంలో కొనుగోలుదారుకు కూడా ఖర్చు, బాధ్యత ఉంటాయి. మీరు ఏ దేశంలోనైనా సరఫరాదారులతో ఒప్పందం రాసుకునేటప్పుడు ఈ నియమాన్ని పెట్టుకోండి.

పత్తి దాకా వెళ్లే బాధ్యత కొత్తది, కఠినమైనది. అమెరికాలో వీగర్ నిర్బంధ శ్రమ నిరోధక చట్టం 2022 జూన్ 21 నుంచి అమల్లో ఉంది. ప్రపంచ పత్తిలో ఐదో వంతు పండే, చైనాలోని వీగర్ల ప్రాంతమైన షిన్‌జాంగ్ నుంచి ఒక్క పోగు వచ్చినా ఆ సరుకు నిర్బంధ శ్రమతో చేసినదని అధికారులు ముందే భావిస్తారు, కాదని నిరూపించే భారం దిగుమతిదారుది. యూరప్ తెచ్చిన నిర్బంధ శ్రమ నిషేధ నిబంధన 2027 డిసెంబరు నుంచి వర్తిస్తుంది. కంటైనర్ రేవులో ఆగిపోయాక కాగితాలు వెతికితే సీజన్ దాటిపోతుంది.

ఈ కాగితాలు ఎందుకు కష్టమో తెలుగు ప్రాంతాల పత్తిని చూసినవారికి తేలిగ్గా అర్థమవుతుంది. వరంగల్ ఎనుమాముల యార్డుకు వచ్చిన ఒక రైతు పత్తి, జిన్నింగ్ మిల్లు ఆవరణలో పడిన క్షణమే పది ఊళ్ల పత్తితో ఒకే కుప్పలో కలుస్తుంది. బేలు మీద ప్రెస్ నంబరు ఉంటుంది, రైతు పేరు ఉండదు. స్పిన్నింగ్ మిల్లులో నూలు నాణ్యత ఏకరీతిగా ఉండడానికి వేర్వేరు చోట్ల నుంచి వచ్చిన డజన్ల కొద్దీ బేళ్లను వరుసగా పరచి కలుపుతారు. అక్కడ ఎవరి మోసమూ లేదు, పని పద్ధతే అది. మోసమూ జరుగుతుంది: 2020లో భారత్‌లో 20,000 టన్నుల పత్తికి తప్పుడు సేంద్రియ పత్రాలు పుట్టాయని, సేంద్రియ వస్త్రాలకు ప్రమాణాలు పెట్టే గాట్స్ సంస్థే బయటపెట్టింది. కాబట్టి సర్టిఫికెట్ చూసి తృప్తిపడకుండా, ఎన్ని కిలోల పత్తి కొన్నారు, ఎన్ని కిలోల నూలు వచ్చింది, ఎన్ని కిలోల వస్త్రం, ఎన్ని ముక్కలు అన్న బరువుల లెక్కను అంచెలంచెలుగా సరిచూడండి. స్పిన్నింగ్‌లో పోయే వ్యర్థం ఎంతో మీకు తెలుసు. కొన్న పత్తి కంటే అమ్మిన నూలు ఎక్కువ బరువుంటే వేరే సాక్ష్యం అక్కరలేదు. దీన్ని అన్ని సరుకులకూ ఒకేసారి చేయలేరు. ఎక్కువ అమ్ముడయ్యే నాలుగైదు వస్త్రాలకు నూలు మిల్లును మీరే నిర్ణయించి, అక్కడి నుంచి వెనక్కి వెళ్లండి.

భారత్‌లో మీ వాటా పెంచాలనుకుంటే అచ్యుతాపురంలోని బ్రాండిక్స్ పార్కును, వరంగల్ దగ్గరి కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కులో యంగ్‌వన్, కైటెక్స్‌ల యూనిట్లను ఒకసారి చూసి రండి. చుట్టుపక్కల ఊళ్ల నుంచి బస్సుల్లో వచ్చి ఇంటికి తిరిగివెళ్లే మహిళలు కుట్టు లైన్లకు నిలకడైన బలం, హవాసాలో కరవైనది అదే. అయితే పత్తి పక్కనే ఉంది కదా అని అన్నీ అక్కడే జరుగుతాయనుకోకండి. మధ్యలో ఉన్న డైయింగ్, ప్రాసెసింగే అసలు ఇరుకు దారి. 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు ఆదేశంతో డైయింగ్ యూనిట్లన్నీ మూతపడ్డప్పుడు తిరుప్పూరు ఎలా స్తంభించిందో అక్కడివారు మీకు చెప్పే ఉంటారు. మురుగునీటి శుద్ధి సామర్థ్యం ఎంతో చూడకుండా ఏ కొత్త ప్రాంతానికీ పెద్ద ఆర్డర్ ఇవ్వవద్దు.

చివరగా, అంగీకార పత్రం మీద సంతకం పెట్టే ముందు మూడు విషయాలు రాతపూర్వకంగా తేల్చుకోండి. ఆమోదాల గడువు దాటితే షిప్‌మెంట్ తేదీ కూడా అన్ని రోజులు జరగాలి, జరపడానికి వీల్లేకపోతే విమాన ఖర్చు ఆలస్యానికి కారణమైన విభాగం బడ్జెట్‌లో పడాలి. చెల్లింపుల గడువు మార్చే ఏ ప్రతిపాదనకైనా మీ సంతకం ఉండాలి. మీకు పెట్టిన 8 శాతం లక్ష్యాన్ని ఎఫ్‌వోబీ మీద కాకుండా సుంకం, రవాణా, విమాన ఖర్చు, సీజన్ చివర తగ్గింపు ధరకు అమ్మిన సరుకు మీద నష్టం అన్నీ కలిపిన మొత్తం మీద లెక్కించాలి. అలా లెక్కిస్తే 8 శాతం అసాధ్యమేమీ కాదు, నేను పైన చెప్పిన చోట్ల అది చాలావరకు దొరుకుతుంది. ఈ మూడింటిలో ఒక్కటీ ఒప్పుకోకుండా ఎఫ్‌వోబీలోనే 8 శాతం కావాలంటే, ఆ పదవిని ఈ షరతు మీద తీసుకోవద్దని నా సలహా.